చిక్కడపల్లిలో జర్మను యాత్ర



యాత్ర యనగానే మనకు కాశీయో, రామేశ్వరమో, కలిగినవారికి సీమప్రయాణమో జ్ఞప్తికి వచ్చును. మేమిప్పుడు వ్రాయబోవు యాత్రకు పెట్టె సర్దుకొననక్కరలేదు. చిక్కడపల్లిలో రైలెక్కి మూడవ స్టేషనులో దిగి, సంజదీపము పెట్టువేళకు ఇల్లు చేరవచ్చును. అయినను ఆ కొద్దిదూరములోనే నలుబదియిద్దరు పిల్లలు పరభాషలో నోరు విప్పి వచ్చిరి గనుక దీనిని యాత్ర యనుటకు మేము సంకోచింపము.

ముందుగా మా పేటల మాట. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరము ఒకదాని నొకటి యొరసికొని యుండును. ఎచట నొకటి ముగిసి యింకొకటి మొదలగునో ఇచట పుట్టి పెరిగినవారును గట్టిగా చెప్పలేరు. త్యాగరాయ గానసభలో సాయంకాలపు పాటకచ్చేరి, వేంకటేశ్వరస్వామి కోవెల గంట, నగర కేంద్ర గ్రంథాలయమున పుస్తకములలో తలలు దూర్చిన యువకులు, ఇవి మాకు నిత్యదర్శనములు. అశోక్‌నగరమంతయు ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువువారి గదులును, వారికి వండిపెట్టు మెస్సులును. ఒక్కొక్క మేడలో ఎన్ని పల్లెల ఆశలు అద్దెకున్నవో లెక్కపెట్టుట కష్టము. నారాయణగూడకు వేరొక గౌరవము గలదు. నిజాము రాజ్యమున ఉర్దూ రాజభాషగా చెల్లుచున్న దినములలో, బాలికలకు తెలుగుననే చదువు చెప్పవలెనని మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు 1928లో నెలకొల్పిన పాఠశాల ఈ పేటలోనే యున్నది. ఆడుపిల్ల యే భాషలో చదువవలెనను ప్రశ్న ఇచటివారికి క్రొత్తది కాదు.

ఆ ప్రశ్నయే యిప్పుడు జర్మను రూపమున మరల మా గుమ్మములోనికి వచ్చినది. ఆ దేశమునందలి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పెక్కింట బోధనరుసుము లేదని విని మనపిల్లలు అటు చూచుచున్నారు. అయితే బసకు, భోజనమునకు ఏడాదికి 11,904 యూరోలు ముందుగనే బ్యాంకులో కట్టి చూపవలెనని 2024లో లెక్క గట్టిరి. కనుక ఉచితమను మాటను తల్లులు కొంచెము ఆగి వినవలెను. నర్సులుగా పోవు ఆడుపిల్లలకు తెలంగాణ ప్రభుత్వపు విదేశోద్యోగ సంస్థయగు టామ్‌కామ్ జర్మను నేర్పించి పంపుచున్నది. భాషకు ఏ1 మొదలు సీ2 వరకు ఆరు మెట్లు గలవు. నర్సు పనికి అనుమతి పొందుటకు సాధారణముగా నాలుగవ మెట్టగు బీ2 ఎక్కవలెను. అంతేకాదు, అచట నున్న భర్తను చేరబోవు భార్యకును మొదటిమెట్టు పరీక్ష కావలెనని 2007 నుండి ఒక నియమము గలదు. కొన్ని తెగల యుద్యోగుల భార్యలకు మాత్రము మినహాయింపు కలదు. ఇట్లు పెండ్లికూతురి సామానులో పట్టుచీరలతోబాటు వ్యాకరణ పుస్తకము కూడ చేరినది!

మావారు ఉపాధ్యాయులుగా నున్న పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నలుబదియిద్దరు ఈ భాషను నేర్చుచున్నారు. వ్రాయుమన్న వ్రాయుదురు, మార్కులును తెచ్చుకొందురు, మాటాడుమన్న మాత్రము నేలచూపులు చూతురు. దీనికి మందు విదేశయాత్రయే యని కొందఱు తలిదండ్రులు ప్రతిపాదించిరి. వేసవిలో రెండు వారములు జర్మనుదేశములో ద్రిప్పుకొని వచ్చుటకు ఖర్చు విచారించి పట్టిక తయారుచేసిరి. ఆ పట్టికలో తొమ్మిదిమంది పేర్లు పడినవి. తక్కిన ముప్పదిముగ్గురి మాట యెవరును ఎత్తలేదు.

ఆ ముప్పదిముగ్గురిలో ఒక బాలిక గలదు. తల్లి అశోక్‌నగరములో ఒక మెస్సులో వంటచేయును. పిల్ల తరగతిలో అందఱికంటె ముందున్నది. నర్సు కావలెనని దాని కోరిక. ఆ తల్లి ఒకనాటి సాయంకాలము మా యింటికి వచ్చి, గడపకీవలనే నిలిచి, “అమ్మగారూ, ఆ దేశం పోకుంటె ఆ భాష రాదా అమ్మా?” యని యడిగినది. మేము లోనికి రమ్మని పీట వేసితిమి గాని, ఆ ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. ఆ రాత్రి మావారితో చాలసేపు తర్కించితిమి. భాష యెవరి సొత్తు? మాక్సుముల్లరు జన్మములో హిందూదేశమునకు రాలేదు. అయినను సాయణభాష్యముతో ఋగ్వేదమును 1849 మొదలు 1874 వరకు అచ్చొత్తించి ముగించినాడు. దూరదేశపు భాష ఇంటనుండి వచ్చుననుటకు ఇంతకంటె సాక్ష్యమేల? అయితే అది చదువుటకు సాక్ష్యము. మాటాడుటకు వినువారు కావలెను. వినువారిని, చూపదగిన వస్తువులను ఊరిలోనే వెదకవలెనని నిశ్చయించితిమి.

జర్మను నేర్పు ఉపాధ్యాయిని వయసున చిన్నది. వారమునకు రెండు దినములు పాఠశాలకు వచ్చును. ఆమెతో గూడి రెండు ఆదివారములు ఊరు గాలించితిమి. మొదటి యాత్రకు సాలార్జంగు మ్యూజియమును ఎన్నుకొంటిమి. శుక్రవారము దానికి సెలవు గనుక ఒక గురువారము నిర్ణయించి, ఆరుగురు పిల్లలకు ఒక జట్టు చొప్పున ఏడు జట్లు చేసితిమి. నియమమొక్కటే: రైలు కదలినది మొదలు మరల చిక్కడపల్లిలో దిగువరకు జట్టులో జర్మనే మాటాడవలెను. తప్పినవారికి శిక్ష యుండవలెనని పెద్దలొకరు సూచించిరి గాని ఉపాధ్యాయిని ఒప్పుకొనలేదు. భయపడిన నాలుక తిరుగదని ఆమె యన్నది. మేమును ఆమె పక్షమే వహించితిమి.

మెట్రో రైలులోని ఆకుపచ్చ మార్గము 2020 ఫిబ్రవరి 7వ తేదీన ప్రారంభమైనది. చిక్కడపల్లి దాటిన నారాయణగూడ, పిమ్మట సుల్తాన్ బజారు, ఆ పిమ్మట మహాత్మాగాంధి బస్‌స్టేషను. రైలు మిద్దెల యెత్తున పోవుటచే, ఎన్నడును చూడని యిరుగుపొరుగువారి డాబాలన్నియు కనబడును. ఒక డాబామీద పాతచీరపై వడియములు ఆరవేసియున్నవి. వానిని జర్మనులో నేమందురని పిల్లలడుగగా ఉపాధ్యాయిని నవ్వి, వస్తువు లేనిచోట మాటయు నుండదనియు, వడియమని చెప్పి అదెట్లు చేయుదురో జర్మనులో వివరింపవలసినదనియు చెప్పినది. ఆ వివరణలో మినుములు, బూడిదగుమ్మడి వచ్చుసరికి సుల్తాన్ బజారు దాటిపోయినది.

మూసీనది పాయల నడుమనున్న ఆ బస్‌స్టేషను వద్ద దిగి, నది వెంబడి నడచి దారుల్‌షిఫా చేరితిమి. మ్యూజియమునందు మాకు ముఖ్యముగా కావలసినది ఒక కొయ్యబొమ్మ. అది ఒకే దుంగనుండి మలచిన జంటప్రతిమ. ముందు నిలిచిన మనకు గడ్డము పైకెత్తి గర్వముగా చూచు మెఫిస్టాఫిలిసు కనబడును, వాడొక పిశాచము. వెనుకనుంచిన అద్దములో చూచిన, అదే దుంగ వెనుకవైపున, చేత ప్రార్థనపుస్తకము పట్టి తలవంచుకొన్న మార్గరెట్టా యను కన్య కనబడును. ఈ యిద్దఱును గ్యోతే మహాకవి రచించిన ఫౌస్టు నాటకములోని పాత్రలు. ఆ నాటకము మొదటి భాగము 1808లోను, రెండవది ఆ కవి పోయిన 1832లోను వెలువడినది. బొమ్మ పందొమ్మిదవ శతాబ్దినాటిది.

ఇచట పిల్లలకు పని దొరికినది. పిశాచమునకు పుంలింగము, అద్దమునకును పుంలింగమే, కొయ్యకు నపుంసకము. మరి కన్యకు? జర్మనులో డాస్ మేట్‌హెన్, అనగా కన్యకును నపుంసకమే! ఆడుపిల్లలందఱును ఒక్కసారిగా అభ్యంతరము చెప్పిరి. మేము వారిని ఓదార్చుచు, మన సంస్కృతములో భార్యాశబ్దము స్త్రీలింగము, దారశబ్దము పుంలింగము, కలత్రము నపుంసకము గదా, ఒక్క యిల్లాలికే మూడు లింగములు కట్టబెట్టిన దేశమున పుట్టి, జర్మనువారిని తప్పుపట్టనేల యంటిమి. జర్మనులో సూర్యుడు స్త్రీ, చంద్రుడు పురుషుడు. అది విని ఒక చిన్నవాడు, అట్లయిన ఎండదెబ్బకు కారణము తెలిసినదనెను. వాడు తెలుగున పలికినందున జట్టువారు వానిని ఆ మాట జర్మనులో మరల చెప్పించిరి.

ఫౌస్టు కథను ఎంతవరకు చెప్పవలెనన్న విషయమై మాకును ఉపాధ్యాయినికిని ముందుగనే వాదము నడచినది. మార్గరెట్టా మోసపోయినది, తన బిడ్డనే పోగొట్టినది, చెరలో మతిచెడి మరణశిక్షకై యెదురుచూచినది. పదునాలుగేండ్ల పిల్లలకు ఇది యేలయని మొదట సందేహించినవారము మేమే. కాని శాకుంతలము చెప్పునపుడు మనము దాచుచున్నామా? నమ్మి చెడినది శకుంతలయు. కాళిదాసు ఆమెకు మారీచాశ్రమమును, కొడుకును, తుదకు మగనిని తిరిగి యిచ్చెను. గ్యోతే చెరసాల నిచ్చెను. ఈ భేదమునే పిల్లలకు చెప్పితిమి. కాళిదాసును గ్యోతే యెఱుగకపోలేదు. సర్ విలియం జోన్సు 1789లో ఇంగ్లీషున వెలువరించిన శాకుంతలమును ఫోర్‌స్టరు 1791లో జర్మనులోనికి మార్చగా, గ్యోతే చదివి మెచ్చి పద్యము వ్రాసెను. ఫౌస్టు మొదట నున్న రంగస్థలపు సంభాషణము మన ప్రస్తావనలోని సూత్రధారుని, నటిని చూచి కల్పించినదని పండితులు చెప్పుదురు. కణ్వాశ్రమము మీదుగా వచ్చినచో ఈ కొయ్యబొమ్మ మనకు అంత పరాయిది కాదు.

ఇట్టి సంబంధ ముండగా సంస్కృతమునకును జర్మనుకును కలహము పెట్టుట మాకు వింతగా తోచును. కేంద్రీయ విద్యాలయములలో 2011 ఒడంబడిక మేరకు మూడవభాషగా జర్మను చెప్పుచుండిరి. 2014లో, చదువు నడుమ, దానిని తీసి సంస్కృతము మొదలగు భారతీయ భాషలను పెట్టవలెనని నిర్ణయించిరి. అప్పుడు సుమారు 70 వేలమంది పిల్లలు జర్మను చదువుచుండిరి. మేము బాల్యమున తండ్రిగారియొద్ద అమరకోశము వల్లించినవారమే. సంస్కృతమునకు చోటు దొరకుట మాకు సంతోషమే. అయినను ఏడాది నడుమ పిల్లవాని చేతి పుస్తకము లాగుకొని వేరొకటి పెట్టుట ఆ రెండు భాషలకును మర్యాద గాదు. నిజమునకు సంస్కృతము వచ్చినవానికి జర్మను సులభము. విభక్తులును, దీర్ఘసమాసములును రెంటికిని గలవు. ఇరువదియొకటి యనుటకు తెలుగున ఇరువది ముందు. జర్మనులో ఒకటి ముందు, పిమ్మట ఇరువది. మన ఏకవింశతి యట్లే!

లెక్కలు మాటాడించుటకు గడియారము కంటె మేలైనదేది? మ్యూజియములోని గంటల గడియారము చెంత జనము ఎప్పుడును గుమికూడి యుందురు. గంట కాగానే చిన్న గడ్డపు బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టి పోవును. అచట పిల్లలు ఒకరినొకరు వేళ యడుగవలెను. పదకొండున్నరను జర్మనువారు హాల్బ్ ట్స్వ్యోల్ఫ్, అనగా సగము పండ్రెండు అందురు. పండ్రెండులో సగము ఆరుగదా యని యొక జట్టు వాదింపగా నవ్వు పుట్టినది.

ఆ గుంపులోనే మేము కోరినది లభించినది. వయసు మీఱిన దంపతులు జర్మనులో మాటాడుకొనుట ఉపాధ్యాయిని చెవిని బడినది. ఆమె వారిని సమీపించి, మా పిల్లలతో రెండు మాటలాడుటకు ఒప్పించినది. ఎవరును ముందుకు రారైరి. కొంతసేపటికి మెస్సువంటామె కూతురు జడ వెనుకకు త్రోసికొని ముందుకు పోయి, ఆ పెద్దామెను హైదరాబాదు ఎట్లున్నదని యడిగినది. జర్మనులో పెద్దలను జీ యనియు, సమానులను, చిన్నవారిని డూ యనియు పిలుతురు. మన మీరు, నీవులవంటివే. ఇంగ్లీషున ఈ భేదము లేదు. పిల్ల జీ యనియే పిలిచినది. ఆమె సంతోషించి గడగడ బదులు చెప్పినది. ఒక్కముక్కయు మాకు బోధపడలేదు. పిల్ల బెదరక, లాంగ్‌జామ్ బిట్టె, మెల్లగా చెప్పుడని వేడినది. ఆమె నిలిపి నిలిపి చెప్పినది. పిమ్మట మీ అమ్మ యేమి చేయునని యడుగగా, మా అమ్మ వంట చేయును, నూఱుమందికి, అని రెండు తునుకలుగా, తలయెత్తి చెప్పినది. ఆ పెద్దామె నూఱుమందికా యని మరల యడిగి, పిల్ల చేయి పట్టుకొన్నది. దానితో తక్కినవారికి ధైర్యము వచ్చినది. పావుగంట తరువాత ఆ వృద్ధునికి వడియములు చేయు విధానము చెప్పుచుండిరి.

తిరుగు రైలులో మావారు చరిత్రోపాధ్యాయులు గనుక ఊరకుండలేదు. ఈ హైదరాబాదులో 1897లో పుట్టిన జాకిర్ హుసేనుగారు బెర్లిను విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, పిమ్మట రాష్ట్రపతి యైరనియు, ఇంజనీరు చదువునకై జర్మనుదేశమేగిన మన ఆబిద్ హసన్‌గారు 1943లో సుభాషచంద్రబోసుగారి వెంట కీల్ రేవునుండి జలాంతర్గామిలో ప్రయాణించిరనియు చెప్పిరి. జర్మను మాటాడు వియన్నా నగరవాసి హైమెన్‌డార్ఫుగారు ఇచటికి వచ్చి చెంచులను, ఆదిలాబాదు గోండులను గూర్చి గ్రంథములు వ్రాసిన సంగతియు చెప్పబోయిరి గాని స్టేషను వచ్చినది.

రెండవ యాత్రకు బంజారాహిల్సులోని గ్యోతే కేంద్రమును అనుకొంటిమి. మహాత్మాగాంధి బస్‌స్టేషనులో ఎఱ్ఱ మార్గమునకు మారి ఎర్రమంజిల్‌లో దిగి, అచటినుండి ఆటోలలో పోవలెను. మూడవది తార్నాకవైపునున్న ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయము. అచట జర్మను చదువు విద్యార్థులను మా పిల్లలతో జతపరుపవలెనని ఉపాధ్యాయిని యత్నించుచున్నది. తొమ్మిదిమంది విదేశయాత్రను మేము కాదనలేదు. కలిగినవారు పోయి రావచ్చును. అయితే పాఠశాల ధనము మాత్రము ముందుగా నలుబదియిద్దరి రైలుచీట్లకు, ప్రవేశరుసుములకు వెచ్చింపవలెనని మావారు వ్రాతమూలముగా నిచ్చిరి. దానిపై ఈ నెలాఖరున తీర్మానము జరుగును. మెస్సువంటామె నిన్న వచ్చి, రెండవ యాత్రకు పులిహోర తానే కలిపి పంపెదనని చెప్పి పోయినది.