సెల్ఫ్ పడని పడవ

నార్ఫోక్, వర్జీనియా
అక్టోబర్ 12

అన్నయ్యా,

క్షేమం. మా ఆఫీసులో రిటైరైన పెద్దాయన అన్నంత పనీ చేసి నన్ను పడవెక్కించాడు. ఇక్కణ్నుంచి ఫ్లోరిడా దాకా నదులూ కాలువలూ కలుపుకుంటూ పోయే జలమార్గం ఉంది. మైళ్ల లెక్క సున్నాతో మొదలయ్యేది ఈ రేవు దగ్గరే. నేను ఎలిజబెత్ సిటీ వరకే. సెలవు అంతే దొరికింది.

పడవకి తెరచాప ఉంది గానీ కాలువలో అది పనికిరాదు, ఇంజినే దిక్కు. అటామిక్ ఫోర్ అని పాత పెట్రోలు ఇంజిన్. పేరు చూసి హడలకు, నాలుగు సిలిండర్లు, 30 హార్స్‌పవర్, అంతే. 1947లో మొదలుపెట్టి నలభై ఏళ్లకు కాస్త తక్కువగా తయారుచేశారు. నీ చేతికిస్తే మధ్యాహ్నం భోజనంలోపు విప్పేస్తావు. కాకపోతే మెట్ల వెనక ఇరుకులో దూరి, చేతికి తగిలేదాన్ని అద్దంలో చూసుకుంటూ విప్పాలి.

సాయంత్రం రెండుసార్లు సెల్ఫ్ పడలేదు, మూడోసారి పడింది. "దాని అలవాటే అంత" అన్నాడు పెద్దాయన. ఆటోనగర్‌లో ఆ మాట అన్న డ్రైవర్లను నువ్వెలా చూసేవాడివో గుర్తొచ్చింది.

వదినకు, అమ్మకు చెప్పు.

తమ్ముడు


డిస్మల్ స్వాంప్ కాలువ
అక్టోబర్ 14

అన్నయ్యా,

నిన్న పొద్దున లాకు దాటాం. మన కాలువల మీది లాకుల్లాంటిదే, పడవను సుమారు 8 అడుగులు పైకెత్తింది. తర్వాత గీత గీసినట్టు 22 మైళ్ల కాలువ. నీళ్లు డికాక్షన్ రంగులో ఉన్నాయి, చెట్ల బెరడూ ఆకులూ ఊరి అలా అయ్యాయి. 1793లో తవ్వడం మొదలుపెట్టి 1805లో తెరిచారు. ఈ చిత్తడి అడవి బురదలో దిగి చేతులతో తవ్వింది బానిసలు. పారిపోయి వచ్చిన బానిసలు ఈ అడవిలోనే దాక్కుని తరాల తరబడి బతికారట. అది తెలిశాక ఈ నీళ్ల అందం గురించి రాయబుద్ధి కాలేదు.

రాత్రి హైవే పక్కనున్న రేవులో ఆగాం. రేవు చిన్నది, అందుకని పడవకి పడవ కట్టేసుకుంటారు. పొద్దున తాళం తిప్పితే "టక్". అంతే. మాకు ఆనుకుని ఉన్న పడవల వాళ్లు కాఫీ కప్పులతో తొంగి చూస్తుంటే నాకు పౌరుషం వచ్చింది. సెల్ఫ్ మోటార్ పోయిందని తేల్చేసి ఊడదీశాను. మూడు గంటలు పట్టింది. గట్టు మీదికి తెచ్చి విడి బ్యాటరీ తగిలిస్తే గిర్రున తిరిగింది.

నవ్వకు. "ముందు ఎర్త్ చూడరా" అని లారీ కింద నుంచి నువ్వు అరిచేవాడివి, నేను టార్చిలైటు పట్టుకుని ఆవలించేవాణ్ని. ఆ మాట అప్పుడు గుర్తు రాలేదు, మోటార్ మళ్లీ బిగించాక వచ్చింది. బ్యాటరీ 12.6 వోల్టులు. తాళం తిప్పినా 12.4 దగ్గరే నిలబడింది. బ్యాటరీ మీద బరువే పడటం లేదన్నమాట. కరెంటుకి దారిలో ఎక్కడో అడ్డు. మీటరు ఒక కాలు బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజిన్ బాడీ మీద పెట్టి తాళం తిప్పించాను. అర వోల్టు దాటకూడని చోట ఎనిమిది చూపించింది.

ఎర్త్ వైరు పైకి నవనవలాడుతోంది. లగ్ దగ్గర కోస్తే లోపల రాగి లేదు, పచ్చటి పొడి ఉంది. పడవల్లో తగరం పూత పూసిన రాగి వైరే వాడాలి. ఎవరో పాత ఓనరు లారీ వైరు వేశాడు. పడవ అడుగు చెమ్మ తీగల సందుల్లోంచి పాకి తినేసింది. పాపం, ఇంజిన్ ఏ పాపమూ ఎరగదు. పక్క పడవాయన దగ్గర సరైన వైరు ముక్కా లగ్గులూ దొరికాయి.

నీకూ తెలియనివి రెండు చెప్తాను. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి సోలినాయిడ్‌ని ముట్టిస్తావు చూడు, అది ఇక్కడ చేస్తే పడవతో సహా పోతాం. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున మడుగు కట్టి ఉంటుంది. ముందు బ్లోయర్ వేసి, ముక్కు పెట్టి వాసన చూసి, ఆ తర్వాతే ఏదైనా. రెండోది: ఈ ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు సైలెన్సర్‌లోంచే బయటికి పోతాయి. ఇంజిన్ అంటుకోకుండా సెల్ఫ్ కొడుతూనే ఉంటే పంపు నీళ్లు తోస్తూనే ఉంటుంది, నెట్టేసే పొగ ఉండదు. సైలెన్సర్ నిండి నీళ్లు వెనక్కి సిలిండర్లలోకి వస్తాయి. వైరు మార్చాక ఇంజిన్ గిరగిరా తిరిగింది గానీ వెంటనే అంటుకోలేదు. నేను ఉత్సాహంగా సెల్ఫ్ కొడుతూనే ఉన్నాను. అంతవరకూ నన్ను పల్లెత్తు మాట అనని పెద్దాయన నీళ్ల కుళాయి కట్టమని కేక వేశాడు. కట్టి కొడితే రెండో పట్టుకి అంటుకుంది. అంటుకోగానే కుళాయి తిప్పాలి, మరిచిపోతే ఇంజిన్ కాలిపోతుంది.


ఎలిజబెత్ సిటీ, నార్త్ కరోలినా
అక్టోబర్ 16

అన్నయ్యా,

చేరాం. ఈ ఊరి రేవులో 48 గంటలు పడవ ఊరికే కట్టుకోవచ్చు. 1983లో ఇద్దరు ఊరి పెద్దలు వచ్చిన పడవల్లోని ఆడవాళ్లకి గులాబీలు ఇవ్వడం మొదలుపెట్టారట. మా పడవలో ఆడవాళ్లు లేరు కనుక మాకు పువ్వుల ఊసు లేదు. నిన్నా ఇవాళా కలిపి పదకొండుసార్లు సెల్ఫ్ కొట్టాను, అన్నీ ఒక్క పట్టుకే. అవసరం రెండుసార్లే.

ఆ పాత ఎర్త్ వైరు ఒక కొస మాత్రమే కోశాను. రెండో కొస లగ్‌తో సహా అలాగే సంచిలో పెట్టుకున్నాను. సంక్రాంతికి తెస్తాను. కొయ్యకుండా, మీటరు పెట్టకుండా, చేత్తో పట్టుకుని చెప్పు, లోపల రాగి ఉందో లేదో.

తమ్ముడు