రెండేండ్ల ఉపవాసం, అరవై రోజుల లీవు

ఈసారి పోస్టు జీతాల గురించి కాదు, ఏజెంట్ల గురించి కాదు. కొంచెం పొడుగుంటది. చదివినంక "గిదేం సిగ్గులేని ముచ్చట" అనుకునేటోళ్లు అనుకోండి, ఏం కాదు. మేం రూములో నాలుగు వారాలు మాట్లాడుకున్నంకనే రాస్తున్నం. "రాయండ్రి, పేరొక్కటి పెట్టకుండ్రి" అన్నడు మా చిన్నోడు. అందుకే ఇందులో ఎవ్వరి పేరూ లేదు.

మాది షార్జాలో ఎనిమిది బెడ్ల రూము. ఆరుగురం జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కోళ్లం. ఇద్దరు గోదావరి జిల్లాలోళ్లు. పెద్దన్నకు నలభై ఆరేండ్లు, చిన్నోడికి ఇరవై నాలుగు. వాళ్లిద్దరి మధ్యల మేమందరం.

పోయినేడు చిన్నోడు రెండు నెలల లీవు మీద పోయి పెండ్లి చేసుకొచ్చిండు. పిల్ల డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతున్నది. వీసా అప్పు తీరలేదు, పెండ్లి అప్పు దాని మీద ఎక్కింది. రెండేండ్ల దాకా పిల్లలు వద్దని ఇద్దరూ అనుకున్నరు. వద్దని అనుకున్నరు గానీ, ఎట్లనో మాట్లాడుకోలే. ఊర్లో ఉన్నది ఒక్కటే మెడికల్ షాపు, అది వరుసకు చిన్నాయనది. నిరోధ్ కొందామని పోయి, ఆయన మొఖం చూసి, జ్వరం గోలీలు కొనుక్కొని వచ్చిండట. రెండుసార్లు. ఆ మాట చెప్తే రూమంతా నవ్వినం. తర్వాత ఎవ్వరం నవ్వలే.

"నేనే జాగ్రత్తగుంట తియ్" అని భార్యకు చెప్పిండట. చివర్ల పక్కకు జరుగుడు అనే జాగ్రత్త. మనలో సగం మంది నమ్ముకునేది అదే. దాన్నే నమ్ముకున్న నూరు జంటల్లో ఏడాది తిరిగేసరికి ఇరవై మంది దాకా గర్భం వస్తదని డాక్టర్లు లెక్క కట్టిన్రు. చిన్నోడు ఇక్కడికి వచ్చిన నెలకు ఆ పిల్లకు నెల తప్పింది. అత్తకు చెప్పలే, తల్లికి చెప్పలే. పరీక్షలున్నయి. పక్కూరి ఆర్‌ఎంపీ దగ్గర గోలీలు తెచ్చుకొని మింగింది. స్కానింగ్ లేదు, ఎన్ని వారాలని అడిగినోళ్లు లేరు. పది రోజులు రక్తం పోయింది. బాత్రూమ్‌ల పడిపోయినంక గానీ ఇంట్లో తెలువలే.

రాత్రి రెండింటికి బామ్మర్ది ఫోన్ చేసిండు. కరీంనగర్ ఆస్పత్రికి తీసుకపోయిన్రు. కడుపులో ముక్క మిగిలిపోయిందని క్లీన్ చేసి, రెండు బాటిళ్ల రక్తం ఎక్కించిన్రు. ఇక్కడ నాలుగున్నరకు డ్యూటీ బస్సు. ఫోర్‌మన్‌కు భార్య సీరియస్ అని చెప్తే, ఏమైంది అని అడిగిండు. ఏమని చెప్తడు? నోరు రాలే. ఆ రోజంతా పైపులు మోసిండు. ఫోన్ మేం వంతుల వారిగా పట్టుకున్నం. మా చిట్టీ పైసలు సాయంత్రమే పంపినం. పిల్ల బతికింది. పరీక్షలు మాత్రం రాయలే.

ఆ రాత్రి నుంచి రూములో ఈ ముచ్చట మొదలైంది. ఒక్కొక్కలం లోపలిది బయట పెట్టినం.

ఎక్కువ మంది మనసులో ఉన్న మాట ఒక్కటే: వయసు పిల్లలకు చెప్పాల్సింది "ఆగండి" అని, అంతకు మించి చెప్తే చెడిపోతరు. పెద్దన్న బిడ్డ ఇంటర్ చదువుతున్నది. ఆయన గట్టిగా అదే అన్నడు. ఆగుడు చెడ్డది అని మేమూ అనం. ఆగినన్ని రోజులు గర్భం రాదు, రోగం రాదు, పైస ఖర్చు లేదు. పెండ్లి కాని మా తమ్ముళ్లకు ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉన్నది. పైసలిచ్చి ఆడోళ్ల దగ్గరికి పోవుడు గల్ఫ్‌ల నేరం. పెండ్లి బయట సంబంధం సౌదీ, కువైట్, ఖతార్‌లల నేరమే. యూఏఈలో 2021 చట్టంతో కొంత మారినా, భార్యో భర్తో ఫిర్యాదు చేస్తే జైలే. వీసా మెడికల్‌ల హెచ్‌ఐవీ బయటపడితే నేరుగా ఇంటికి. కాబట్టి ఇక్కడ ఆగుడే మంచిదని ఎవ్వరికైనా చెప్తం.

కానీ ఆగుడు మీద మనకంటే అనుభవం ఎవ్వరికున్నది చెప్పుండ్రి? రెండేండ్లు ఉపవాసం ఉంటం. అరవై రోజుల లీవుల పోతం. ఆ ఉపవాసం మనకు ఆ అరవై రోజుల గురించి ఏం నేర్పింది? చిన్నోడు పెండ్లి దాకా ఆగినోడే. ఆ పిల్ల కూడా ఆగిందే. పెద్దలు చెప్పినట్టే చేసిన్రు ఇద్దరూ. పెండ్లి అయిన రాత్రి నుంచి ఏం చెయ్యాల్నో చెప్పినోడు ఒక్కడు లేడు. అమెరికాలో పెండ్లి దాకా ఆగండి అని మాత్రమే చెప్పే క్లాసులకు ప్రభుత్వం ఏండ్ల తరబడి పైసలు పెట్టింది. 2007ల వాళ్లే చేయించిన పరిశీలనలో, ఆ క్లాసులు విన్న పిల్లలు, విననోళ్లు ఒక్క తీరుగనే ఉన్నరని తేలింది. ఇది చదివి వినిపిస్తే పెద్దన్న "అమెరికా సంగతి మనకెందుకు" అన్నడు. సరే, మన సంగతే మాట్లాడుకుందాం.

లీవు తారీఖు ఖాయమైన రోజే ఇది కూడా ఆలోచించాలె. ఎందుకంటే కొన్నింటికి ముందుగాల తయారుండాలె. మాల-ఎన్ లాంటి గోలీ నెలసరి వచ్చిన ఐదు రోజుల లోపల మొదలుపెట్టి రోజూ వేసుకోవాలె. మనం విమానం దిగిన రోజు షాపుకు పోతే ఆ రాత్రికి పని చెయ్యదు. బీపీ ఉన్నోళ్లకు, ఆరు నెలల లోపు పాలిచ్చే తల్లులకు ఆ గోలీ వద్దంటరు. ఛాయ అనే గోలీ మన లక్నో ల్యాబులో పుట్టిందే, హార్మోన్ కాదు, పాలిచ్చేటోళ్లు కూడా వాడొచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. అంతర ఇంజెక్షన్ మూడు నెలలకొకటి. ఎవ్వరికీ కనపడదు, అత్తగారికి తెలువదు. కానీ నెలసరి అటూ ఇటూ అయితది, ఆపినంక గర్భం రావడానికి చాన నెలలు పట్టొచ్చు. ఈ లీవుల వద్దు, వచ్చే లీవుల పిల్లలు కావాలె అనుకునేటోళ్లు అది లెక్కేసుకోవాలె. ఇవన్నీ సర్కారు దవాఖానల పైసా లేకుండ ఇస్తరు.

కాపర్-టీ సంగతి వేరు. వేసిన రోజు నుంచే పని చేస్తది, పదేండ్ల రకం ఉన్నది, తీసేస్తే మళ్లీ గర్భం వస్తది. నూరు మందిలో ఏడాదికి ఒక్కరు కూడా తప్పరు. పెండ్లైన కొత్తల పిల్లలు పుట్టనోళ్లకు కూడా డాక్టర్ చూసి వేస్తరు. మరి మన ఊర్లల్ల ఎందుకు వేయించుకోరు? ఈ ప్రశ్నకు పెద్దన్నే జవాబు చెప్పిండు, ఆ రోజు ఆయన గొంతు మారింది. మొదటి కాన్పు తర్వాత వదిన కాపర్-టీ వేయించుకున్నదట. అన్న దుబాయ్ వచ్చినంక చుట్టుపక్కలోళ్లు మొదలుపెట్టిన్రు: "మొగుడు దేశంల లేడు, దీనికి అది ఎందుకు?" అత్త కూడా అన్నది. వదిన ఏడ్చుకుంట పోయి తీయించుకున్నది. "అప్పుడు ఫోన్ల నేను అమ్మ దిక్కే మాట్లాడిన" అన్నడు పెద్దన్న. తర్వాతి లీవుల రెండో బిడ్డ. ఇరవై నాలుగేండ్లకు వదినకు ఆపరేషన్.

అన్నలారా, మన దిక్కు ఆపరేషన్ అంటే ఆడోళ్లకే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రలో పెండ్లైన ఆడోళ్లల్ల నూటికి డెబ్బై మంది దగ్గర, తెలంగాణల అరవై దాటి ఆపరేషన్ అయినోళ్లే. దేశం మొత్తం మీద మగోళ్ల ఆపరేషన్ 0.3 శాతం. 2022 ఆగస్టుల ఇబ్రహీంపట్నం క్యాంపుల ఆపరేషన్ చేసుకున్న నలుగురు ఆడోళ్లు చనిపోయిన్రు, మీకు యాదికుండే ఉంటది. మనకు మాత్రం "బరువులెత్తే పని, మగతనం పోతది" అని భయం. పోదు. కుట్టు లేకుండనే చేస్తరు, వారం పది రోజులు బరువు ఎత్తకుంటే చాలు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలె: చేసిన రోజు నుంచే పని చెయ్యదు. మూడు నెలలు ఆగి, వీర్యం పరీక్ష చేయించి, కణాలు లేవని తేలాలె. మన లీవు రెండు నెలలే. లీవు మొదట్ల చేయించుకొని ఇంక భయం లేదనుకుంటే బిడ్డ పుడతది. ఆ తర్వాత ఊర్ల ఏం మాటలు పుడతయో మీకు తెలుసు.

నిరోధ్ ఒక్కటే గర్భాన్నీ రోగాన్నీ రెండింటినీ ఆపేది. సరిగ్గ వాడితే నూటికి ఇద్దరే తప్పుతరు. మనం వాడే తీరుకు పదమూడు దాకా పోతది. ఎందుకంటే పర్సుల పెట్టి నెలలు తిప్పుతం. ఇక్కడి ఎండల బండిల పెడితే రబ్బరు చచ్చిపోతది. కొబ్బరి నూనె, వాసెలిన్ రాస్తే చినుగుతది. బ్యాగుల తీసుకపోతే ఇంకో తంటా. మా నిజామాబాద్ అన్న బ్యాగు సర్దుతుంటే ఇంట్లో ప్యాకెట్ దొరికి, "దుబాయ్‌ల ఎవ్వరి కోసం కొన్నవ్" అని వారం మాట్లాడలేదట. భార్య కోసమే కొన్నడు పాపం. ముందే ఫోన్ల ఒక్క మాట చెప్తే అయిపోయేది. కానీ రూముల ఏడుగురి ముందర బోటిమ్ వీడియో కాల్‌ల ఆ మాట ఎట్ల చెప్తం? మెట్ల మీదికి పోయి చెప్పుండ్రి.

ఇక గోలీల గందరగోళం. ఐ-పిల్ వేరు, గర్భం తీసేసే గోలీలు వేరు. మా రూముల ఐదుగురం రెండూ ఒక్కటే అనుకున్నం. మొదటిది కలిసిన 72 గంటల లోపల వేసుకునేది. ఎంత తొందరగ వేసుకుంటే అంత మంచిది. గర్భం నిలిచినంక పని చెయ్యదు, నెల నెలా వాడే మందు కాదు. రెండోది డాక్టర్ చూసి, స్కానింగ్ చేసి, తొమ్మిది వారాల లోపల ఇచ్చేది. గర్భం ట్యూబుల ఉంటే ఆ గోలీలతోని పోదు, ప్రాణం మీదికి వస్తది. ఆస్పత్రిల తీయించుకునుడు మన దేశంల నేరం కాదు. 2021 సవరణ తర్వాత సాధనం పని చెయ్యక గర్భం వచ్చిందంటే పెండ్లి కాని ఆడపిల్లకు కూడా 20 వారాల దాకా ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు. చిన్నోడి భార్యకు పెండ్లి కూడా అయింది! దర్జాగ పోవచ్చు. పోకుండ ఆపింది చట్టం కాదు, సిగ్గు.

మొన్న పెద్దన్న మెట్ల మీద కూసోని వదినతోని చాన సేపు మాట్లాడిండు. బిడ్డకు ఏం చెప్పాలె, ఎట్ల చెప్పాలె అని. వదిన నవ్విందట. "మీరు చెప్పేదాక ఆగుతదా, నేను పదో తరగతిల్నే చెప్పిన" అన్నదట. అన్న కాసేపు ఏం మాట్లాడకుండ కూసున్నడు. తర్వాత వచ్చి అన్నం వండిండు, ఆ రోజు ఆయన వంతు కాకున్నా.

చిన్నోడి లీవు వచ్చే మార్చిల. భార్య ఈసారి పరీక్ష ఫీజు కట్టింది. కాపర్-టీ వేయించుకోవాల్నా, గోలీలు తెచ్చుకోవాల్నా ఇంక తేల్చుకోలే. "నువ్వు వచ్చేదాక ఎందుకు, ఏఎన్ఎమ్మక్క మంగళవారం వస్తది, నేనే అడుగుత" అన్నదట. ఎవ్వరన్నా ఏమన్నా అంటే నా మొగుడే వేయించుకొమ్మన్నడని చెప్తనన్నది. చిన్నోడు వెంటనే తల్లికి ఫోన్ కలిపి ఆ మాట ముందే చెప్పిండు. అటు దిక్కు తల్లి చానసేపు ఏం అనలే. తర్వాత, తిన్నవా బిడ్డా అని అడిగింది.