పాత తుపాకి, తగ్గని వెల

కొన్న మరునాడే వెల తగ్గిపోవు వస్తువులతో మన ఇండ్లు నిండియున్నవి. కారు అంగడి గడప దాటగానే పాతబండి యగును. టెలివిజను, కంప్యూటరుల సంగతి చెప్పనే అక్కరలేదు. ఏండ్లు గడచినను వెల నిలుపుకొనునవి బంగారము, భూమి, మంచి పనస కొయ్యతో చేసిన వీణ మొదలైనవి కొన్ని మాత్రమే. ఆ కొద్దివానిలో తుపాకియు నొకటి అనిన చదువరులు ఆశ్చర్యపడవచ్చును. అన్ని తుపాకులును గావు, కొన్ని మాత్రమే. అవి యేవి, ఎందుచేత అని విచారించినచో తుపాకిని గూర్చియే గాక మన కుటుంబములను గూర్చియు కొంత తెలియునని మా నమ్మకము.

సాంస్కృతిక వ్యాసముల నడుమ ఈ విషయమేల అని కొందరు అడుగవచ్చును. బెంగుళూరు తెలుగు కుటుంబములకు తుపాకి క్రొత్త కాదు. 1809లో ఇంగ్లీషువారు ఇచట దండు నెలకొల్పిన పిదప దానిని ఆశ్రయించి బ్రతికిన వారిలో మనవారు అనేకులు. సాపర్ల పటాలములో పనిచేసి పించను పుచ్చుకొన్నవారు, దండులో కంట్రాక్టులు చేసినవారు, కోలారు, చిత్తూరు, అనంతపురము సీమలలో తోటలు ఉంచుకొని ఇచట కాపురము పెట్టినవారు, వీరి యిండ్లలో బీరువా వెనుక ఒక జోడు తుపాకి ఉండుట వింత కాదు. తుపాకి అను మాట తురుష్కభాష నుండి వచ్చినదే యైనను, గుర్రము, మీట, గొట్టము అని దాని అంగములకు మనవారు తమ మాటలే పెట్టుకొనిరి. ఆయుధపూజనాడు దానికి కుంకుమబొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, చమురు గుడ్డతో తుడిచి మరల లోన పెట్టుదురు. ప్రక్కనున్న కొడగులో దానిని కోవి యందురు. అచట కొడవలకు లైసెన్సు అక్కరలేకుండ తుపాకి ఉంచుకొను మినహాయింపు తెల్లవారి కాలమునుండి వచ్చుచున్నది. 2019లో ప్రభుత్వమువారు దానిని 2029 వరకు పొడిగించిరి. మనకు అట్టి వెసులుబాటు లేదు. మన తుపాకులు లైసెన్సు పుస్తకముతోనే పుట్టి దానితోనే పెరిగినవి.

మా యింటను తాతగారు సంపాదించినవి మూడు ఉండెడివి. హిందూపురము ప్రాంతమునుండి వచ్చి కట్టడముల కంట్రాక్టు చేసిన మనిషి ఆయన. ఒకటి బర్మింగుహాములో వెబ్లీ అండ్ స్కాట్ వారు చేసిన 12 బోరు జోడు తుపాకి. రెండవది బెల్జియము దేశపు లియేజ్ నగరములో చేసిన 16 బోరు పాతకాలపుది, గుర్రములు పైకి కనబడునట్టిది. మూడవది అదే వెబ్లీవారి .32 బోరు రివాల్వరు. ఈ మూడింటి వెలలు కాలక్రమమున మూడు దారులు పట్టినవి. ఆ దారులను చూపినచో విషయము తేటపడును.

వెల నిలుచుటకు మొదటి కారణము మూసిన తలుపు. 1878 నాటి ఆయుధ చట్టము లైసెన్సు లేనిదే తుపాకి కూడదనినది. స్వతంత్రము వచ్చిన పిదప 1959లో క్రొత్త చట్టము చేయబడి 1962 అక్టోబరునుండి అమలులోనికి వచ్చినది. అయినను అప్పట్లో విదేశపు తుపాకి తెప్పించుకొనుటకు త్రోవ యుండెను. 1980ల నడిమి భాగమున ఆ త్రోవ సామాన్యునికి మూయబడినది. పేరొందిన క్రీడాకారులకు తప్ప విదేశపు తుపాకి దిగుమతి లేదు. ఆనాటికి దేశములో ఏవి యున్నవో అవియే యున్నవి. వానిలో తుప్పు పట్టి పోయినవి పోగా, పోలీసు ఠాణాల కొట్లలో చేరినవి చేరగా, మిగిలిన వానికొరకే కొనుగోలుదారులందరును చూడవలయును. ఇంగ్లండులో సామాన్యమైన పాత జోడు తుపాకులు నేడు మిక్కిలి చౌక. అట్టిదే మన దేశములో ఘనమైన వెల పలుకును. విదేశపు చిన్న రివాల్వరులకును పిస్తోళ్లకును లక్షల రూపాయలు అడుగుదురు. వస్తువు ఒక్కటే, తలుపు వేరు.

రెండవ కారణము తూటా. తూటా దొరకని తుపాకి కర్రతో సమానము. మన దేశములో పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారము 1869నుండి మందుగుండు చేయుచున్నది. 12 బోరు తూటాలు, .32 రివాల్వరు తూటాలు, .315 రైఫిలు తూటాలు స్వదేశపు కర్మాగారములనుండి వచ్చును. కావున ఆ బోరుల తుపాకులకు గిరాకి తగ్గదు. 12 బోరు అనగా ఒక పౌను సీసమును పండ్రెండు సమాన గుండ్లుగా పోసినచో ఒక్కొక్క గుండు ఎంత లావుండునో గొట్టము అంత వెడల్పు అని యర్థము. పదునారు గుండ్లైనచో 16 బోరు, అనగా గొట్టము మరికొంత సన్నము. ఈ స్వల్పభేదమే మా తాతగారి రెండు తుపాకుల జాతకములను వేరు చేసినది. 16 బోరు తూటాలు అంగళ్లలో నానాటికి అరుదైపోయినవి.

బోరుల వెనుక రాజ్యతంత్రమును గలదు. సిపాయిల చేతనున్న .303 తూటా ప్రజల చేతికి చిక్కరాదని తెల్లవారు దానిని నిషేధించిరి. కనుకనే పౌరులకొరకు .315 రైఫిలు వెలసినది. బెంగాలులోని ఈషాపూరు కర్మాగారము స్వతంత్ర భారతములోను దానిని చేయుచు వచ్చినది. అట్లే 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో .450 బోరును ఇండియాలోను సూడానులోను నిషేధింపగా, ఆ లోటు తీర్చుటకై లండను పనివారు .470, .465 వంటి పెద్ద బోరులను కల్పించిరి. ఏనుగును కూల్చు ఆ జోడు రైఫిళ్లు మన దేశపు సంస్థానాధీశుల కొట్లకు విరివిగా వచ్చినవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప వానికి పనియే లేకపోయెను. పని లేదు, తూటా లేదు. పేరు మాత్రము మిగిలినది. మన బెంగుళూరివాడే యైన కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) నరభక్షకములైన పులులను, చిరుతలను .405 వించెస్టరు రైఫిలుతో వేటాడి ఆ కథలను గ్రంథములుగా వ్రాసెను. తిరుపతి దగ్గరి మామండూరు అడవులును వానిలో కనబడును. ఆ రైఫిలు జాతి ఎంత ప్రసిద్ధమైనను, ఆ బోరు తూటా కొరకు నేడు దేశమంతయు గాలింపవలసినదే.

మూడవ కారణము పనితనము, దానిని కాపాడిన తీరు. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, రిగ్బీ, గ్రీనర్, వెబ్లీ అను పేర్లకు వెల యున్నదనిన అది చెక్కిన అక్షరములకు కాదు. గొట్టములను రెంటిని ఒక్క గురికి కలియునట్లు అతికిన చేతికి, వెండ్రుకవాసి సందు లేక మూతపడు కీలుకు ఆ వెల. ఇంగ్లండులో గొట్టములను అధిక మందుతో పరీక్షించి ముద్ర వేయుదురు. లండను తుపాకి పనివారి సంఘము 1637నాటిది, బర్మింగుహాము పరీక్షాగృహము 1813నాటిది. తెలిసిన వ్యాపారి తుపాకి చేతికి రాగానే మొదట ఆ ముద్రలు చూచును. పిమ్మట గొట్టమును వెలుతురుకు ఎత్తి లోపల తుప్పు గుంటలున్నవేమో చూచును. తూటా గది పొడవు కొలుచును. పాత తుపాకులలో అది రెండున్నర అంగుళములు, నేటి తూటాకు రెండుముప్పాతిక కావలెను. అది తెలియక కాల్చినచో గొట్టమునకును మనిషికిని ముప్పు. చివరకు మెరుగు చూచును. తళతళలాడు క్రొత్త మెరుగు పెట్టించిన తుపాకికన్న, సహజముగా మాసిన పాత నీలిరంగు తుపాకికే వెల యెక్కువ. క్రొత్త మెరుగు క్రింద ఏ గుంటలు దాగినవో అని అనుమానము.

నాలుగవది చరిత్ర. టిప్పు సుల్తాను శ్రీరంగపట్టణపు కార్ఖానాలలో చేయించిన తుపాకులపై పులి చారలుండును. 1799లో కోట పడినప్పుడు వానిని ఇంగ్లీషు సేనాధికారులు పంచుకొని తీసికొనిపోయిరి. అట్టిదొకటి, వెండి పనిచేసినది, 2019లో ఇంగ్లండున వేలములో 60,000 పౌనులు పలికినది. జిమ్ కార్బెట్టు చంపావతు పులిని చంపినందుకు 1907లో బహుమతిగా పొందిన .275 రైఫిలును, దానిని చేసిన రిగ్బీవారే తిరిగి సంపాదించి భద్రపరచుకొనిరి. ఇట్టి వానికి తూటాతో పనిలేదు. వాని వెల కథలో నున్నది. కాని మన బీరువాలలో నున్నవానికి అట్టి కథలు లేవు. ఉన్నను అవి ఇంటి గడప దాటవు.

ఇచట మా యింటి సంగతి మరల చెప్పవలసియున్నది. 1983 సవరణ ప్రకారము ఒక లైసెన్సుపై మూడు తుపాకులకు మించరాదు. 2019 డిసెంబరున వచ్చిన సవరణ దానిని రెండుకు తగ్గించి, మూడవదానిని ఏడాదిలోగా పోలీసు ఠాణాలోనో లైసెన్సున్న వ్యాపారివద్దనో అప్పగింపవలెననినది. వంశపారంపర్యముగా వచ్చినవానికిని ఇదే పరిమితి. నాన్నగారికి అప్పటికి 80 ఏండ్లు నిండినవి. మూడింటిలో ఒకటి పోవలెను. వ్యాపారి వచ్చి చూచి లెక్క చెప్పెను. రివాల్వరు లక్షలలో, 12 బోరు దానికి చాల దిగువ, 16 బోరుకు పాత ఇనుము వెల. ఆ లెక్క ప్రకారము 16 బోరును అప్పగించి, వెలగల రెంటిని ఉంచుకొనుట ధర్మము. పెదనాన్నగారి కుమారులు అదే చెప్పిరి. అందులో తప్పు లేదు.

నాన్నగారు రెండు దినములు మాటలాడలేదు. మూడవనాడు రివాల్వరును అమ్మివేయుడని చెప్పిరి. "తక్కిన రెండును అడవిపందుల కోసము, తోట కోసము చేసినవిరా. ఇది మనిషి కోసము చేసినది. నాన్న దీనిని కొన్నారే కాని ఒక్కనాడును పేల్చలేదు. పేల్చవలసి రాలేదని సంతోషించేవారు" అనిరి. వ్యాపారి ద్వారా అది లైసెన్సున్న వేరొకరికి చేరినది. వచ్చిన పైకముతో మా మేనత్తగారి మనుమరాలి చదువు సాగుచున్నది. తాతగారు భుజాన వేసికొని చెరువుకట్ట మీద తిరిగిన 16 బోరు, ఎవరును కొనని ఆ తుపాకి, మా యింటనే యున్నది. అంగడి వెల తప్పని మేమనము. అది కొనువాని మాట. ఉంచుకొనువాని మాట వేరొకటి యుండును. రెంటిని కలిపి చూచుకొననిదే నిర్ణయము చేయరాదు.

మూసిన తలుపును కొంచెముగా తెరుచుకొనుచున్నది. 2016 నియమముల పిదప ప్రైవేటు తయారీదారులకు అవకాశము కలిగినది. 2021లో ప్రభుత్వ కర్మాగారములు కంపెనీలుగా మారినవి. వెబ్లీ పేరుతోనే ఉత్తరప్రదేశమున రివాల్వరులు తయారగుచున్నవి. మంచి క్రొత్త తుపాకి సులభముగా దొరకుకొలది, కేవలము కొరతచేత వెల పెరిగిన పాతవి తగ్గవచ్చును. పనితనముచేత, సంరక్షణచేత వెల నిలిచినవి మాత్రము అంత సులభముగా తగ్గవు. కనుక తుపాకిని బంగారమువలె దాచిన పెట్టుబడిగా భావింపవలదని మా మనవి.

మన కుటుంబములకు ఇంతకన్న అవసరమైన మాట యొకటి గలదు. పిల్లలు అమెరికాలోను ఆస్ట్రేలియాలోను స్థిరపడినారు. పెద్దలు గతించిన పిదప బీరువాలోని తుపాకి ఎవరి పేరనూ లేక నిలిచిపోవుచున్నది. లైసెన్సు లేని తుపాకి ఎంత వెలగలదైనను నేరమే. 2016 నియమముల ప్రకారము లైసెన్సుదారునకు 70 ఏండ్లు నిండినను, తుపాకి 25 ఏండ్లు చేతనున్నను, ఏది ముందైన దానినిబట్టి, తాను కోరిన వారసునికి లైసెన్సు ఇమ్మని కోరవచ్చును. మరణించిన పిదపనైనచో వారసులు కోరవలెను. ఎవరును ముందుకు రానిచో జాగుచేయక వ్యాపారికో ఠాణాకో అప్పగింపవలెను. ఠాణా కొట్టులో చమురు పెట్టువారుండరు. రెండు వానకాలములు గడచినచో బర్మింగుహాము పనితనమును మట్టియగును. కొన్ననాటి రశీదు, పాత లైసెన్సు పుస్తకములు, గొట్టముపై సంఖ్య, ఇవి తుపాకితోపాటు ఒక్కచోట నుండవలెను. కాగితము లేని తుపాకికి వెలయే లేదు.

అరువది ఏండ్ల తరువాతను వెల పలుకు తుపాకిని వ్యాపారి చేతికిచ్చినప్పుడు అతడు మొదట చూచునది గొట్టము లోపలి నునుపు. ఆ నునుపు చేసినవాడు బర్మింగుహాము పనివాడు. నిలిపినవారు ఏటేట ఆయుధపూజకు ముందునాడు వరండాలో కూర్చుండి, కడ్డీకి గుడ్డ చుట్టి, ఓపికగా చమురు పట్టించిన మన యింటి పెద్దలు. వెలలో సగము వారిది.