తవుడు నూనె, జిగురు, విద్యుదావేశం

ఏలూరు నుంచి రైల్లో వెళ్లి తాడేపల్లిగూడెంలో తవుడు నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీకి చేరాను. నేను చూడాలనుకున్నది నూనెలోంచి తీసేసే జిగురు. అది ఫాస్ఫోలిపిడ్ల ముద్ద. మన కణాల పొరలను కట్టేదీ ఆ జాతి కొవ్వులే.

వేడి నూనెలో కాసిని నీళ్లు కలిపితే కొంత జిగురు నీరు పీల్చి, ఉబ్బి, విడిపోతుంది. మిగిలింది మొండిది. "కాల్షియం పట్టుకుని కూర్చుంటుందండి, దాన్ని వదిలిస్తేగానీ ఇది బయటికి రాదు" అన్నారు కెమిస్టు గారు. ఫాస్ఫాటిడిక్ ఆమ్లం లాంటి లిపిడ్ తల మీద రుణావేశం ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం అయాన్లు అంటుకుంటే ఆ ఆవేశం చెల్లిపోయి, లిపిడ్ నీటిని వదిలి నూనెలోనే ఉండిపోతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో లోహాన్ని లాగేసి, కొంచెం క్షారం తగిలిస్తే తల మళ్లీ ఆవేశం పుంజుకుని నీటివైపు తిరుగుతుంది. అప్పుడు సెంట్రిఫ్యూజ్ ఒక గొట్టంలోంచి నూనెను, ఇంకో గొట్టంలోంచి గోధుమరంగు జిగురును వదులుతుంది.

ఇంకా ఎంత మిగిలిందో ల్యాబులో ఫాస్ఫరస్ కొలిచి చెబుతారు. నూనెను బూడిద చేసి, మాలిబ్డేటుతో పాటు క్షయకరణి కలిపితే నీలం రంగు తేలుతుంది. చిక్కదనాన్ని బట్టి లెక్క. ఈ నీలాన్ని నమ్మకమైన కొలతగా మలిచినవారిలో పొరుగూరి మనిషి ఉన్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆ పద్ధతిని ప్రచురించారు. కృత్రిమ కణపొరలు చేసే ప్రయోగశాలల్లో లిపిడ్ ఎంతుందో తేల్చడానికి నేటికీ దాని నుంచి పుట్టిన పద్ధతులే వాడతారు. గూడెంలో నిలబడి ఆ నీలం చూస్తుంటే గర్వంగా అనిపించింది.

ఆ కృత్రిమ పొరల్లో ఒక రకం లిపిడ్లన్నీ ఒకచోట చేరి, కొల్లేటి లంకల్లా విడిగా తేలతాయి. ఇందులో ఆవేశం పాత్ర ఏమిటో జపాన్ శాస్త్రవేత్తలున్న ఒక బృందం 2014లో ప్రచురించింది. కొవ్వు గొలుసుల తోకలు సంతృప్తమైన డీపీపీజీ అనే రుణావేశ లిపిడ్ ఈ విడిపోవడాన్ని పెంచింది. తోకలు అసంతృప్తమైన డీఓపీజీ దాన్ని అణచివేసింది. ఆవేశం ఒకటే అయినా, తోకను బట్టి ఫలితం తారుమారైంది! నన్ను ఇంకా ఎక్కువగా కట్టిపడేసింది కొలెస్ట్రాల్ సంగతి. ఆవేశం లేని డీపీపీసీ అనే లిపిడ్, కొలెస్ట్రాల్ కలిసిన మిశ్రమానికి డీపీపీజీ చేర్చితే, డీపీపీజీ ఒక పక్క, కొలెస్ట్రాల్ ఇంకో పక్క పోగయ్యాయి. కొలెస్ట్రాల్ ఎక్కడ చేరాలో తల మీది ఆవేశం కూడా నిర్ణయిస్తోందన్నమాట.

ఇదంతా చెబితే కెమిస్టు గారు "ఉప్పు వేస్తే ఏమవుతుందండీ?" అని అడిగారు. ఉప్పు అయాన్లు ఆవేశాల మధ్య వికర్షణను తగ్గిస్తాయని, డీఓపీజీ కలిసిన పొరలో కూడా విడిపోవడం మళ్లీ కనిపిస్తుందని చెప్పాను. ఆయన తల ఊపి నీటి ట్యాంకు చూపించారు. జిగురు తీయడానికి మెత్తని నీళ్లే వాడతారట. గట్టి నీళ్లయితే వాటిలోని కాల్షియం మళ్లీ లిపిడ్ తలకు అంటుకుంటుంది.