గబ్బిలాల స్వయంవరం

స్వయంవరాలు పురాణకాలంతోనే పోయాయనుకుంటాం గానీ, మధ్య ఆఫ్రికా అడవుల్లో ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి. సుత్తితల గబ్బిలాలని ఉంటాయక్కడ. రాత్రయ్యేసరికి మగవన్నీ ఏటి ఒడ్డు చెట్లకి వరసగా వేలాడుతూ, రెక్కలాడిస్తూ గొంతు చించుకుంటాయి. ఆడది ఒక్కో అభ్యర్థి ముందూ కాసేపు ఆగి, చూసి, విని, నచ్చినవాణ్ణి ఎంచుకుంటుంది. మగదాని బరువు ఆడదానికి దాదాపు రెట్టింపు; ఛాతీలో చాలాభాగం స్వరపేటికే. జాక్ బ్రాడ్‌బరీ అనే శాస్త్రవేత్త గబాన్‌లో వీటిని గమనించి 1977లో లెక్కలు ప్రచురించాడు: జతకట్టిన సందర్భాల్లో 79 శాతం, 6 శాతం మగవాటికే దక్కాయట. మన ఆఫీసుల్లో బెల్ కర్వే నయం!

ఈ అంకె ఎక్కడో చదివి, మా బాబాయి కొడుకు "అంతే అన్నయ్యా, ప్రకృతి ధర్మం. నేను మిగిలిన 94 శాతంలో వాణ్ణి" అని తేల్చేశాడు. ముప్ఫై మూడేళ్ళు వాడికి. నాలుగు సంబంధాలు తప్పిపోయాక, ఐదోదానికి ఫోటో కూడా పంపనంటున్నాడు. పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది.

వాడు చదవనిది ఇంకా చాలా ఉంది. మధ్య, దక్షిణ అమెరికాల్లో ఒక బుల్లి గబ్బిలానికి రెక్కల్లో చిన్న సంచీలుంటాయి. మగది వాటిలో సెంటు తయారుచేసుకుని, ఆడవాటి ముందు గాల్లో ఆగి విసురుతుంది. దొరగారికి అంతఃపురం కూడానూ. తీరా కోస్టారికాలో డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే, ఆ అంతఃపురంలో పుట్టిన పిల్లల్లో ఆయనవి సుమారు 30 శాతమే! పైకి కనబడే గెలుపంతా గెలుపు కాదన్నమాట.

ఆ అడవుల్లోనే స్పెక్ట్రల్ బ్యాట్ అని ఇంకోటుంది. రెక్కలు చాపితే దాదాపు మీటరు. చెట్టుతొర్రలో ఆలుమగలూ, పిల్లలూ కలిసి కాపురం. మగది వేటాడి తెచ్చిపెడుతుంది, రెక్కలతో ఇంటిల్లిపాదినీ చుట్టుకుని పడుకుంటుంది.

తేడా ఎక్కడుంది? సుత్తితల మగదానికి పిల్లల పెంపకంలో వాటా సున్నా. అలాంటప్పుడు ఆడది చూసుకోవాల్సింది ఆ ప్రదర్శన ఒక్కటే. అందరూ ఒకే పరీక్ష పెడితే మార్కులన్నీ కొందరికే పోతాయి మరి. మగవాడు కాపురానికి ఏదైనా తెచ్చేచోట ఆ లెక్క చెల్లదు.

మనం వెతుక్కునేది నలభై ఏళ్ళ కాపురానికి తోడుని. ప్యాకేజీ, హెచ్‌వన్‌బీ, ఎత్తు అంటూ మ్యాట్రిమోనీ సైట్లలో గొంతు చించుకోవడం మాత్రం సుత్తితలవాళ్ళ పద్ధతే. పాపం, గబ్బిలానికి వేరే దారి లేదు. మనకుంది కదా?