తాళపుచెవి ఎవరి దగ్గర ఉండాలి?



మన సంఘం వెబ్‌సైట్, అందులోని ప్రసంగాలు, పాటలతో సహా ఈ నెల ఒక వీపీఎస్ మీదికి మారింది. పెద్ద కంప్యూటర్‌ను వాటాలుగా చేసి అద్దెకిస్తారు. ఆ వాటా మనదే, దాని తలుపులూ తాళాలూ కూడా మన బాధ్యతే.

సర్వర్ చేతికి వచ్చేటప్పుడు 'రూట్' అనే యూజర్ ఒక్కడే ఉంటాడు. ఏ ఫైలునైనా తీసేయగలడు, ఆపేవారుండరు. ఆ ఒక్క పాస్‌వర్డ్ అందరికీ ఇస్తే పని సులువే. కానీ రేపు ఏదైనా పోతే, ఎవరి చేతిలో పోయిందో తెలియదు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మన తమ్ముడు ఫోనులో చెబుతుంటే ఒక్కొక్కటే సరిచేశాం. ముందు ఎవరి పేరున వారికి యూజర్ తెరిచాం. 'సుడో' అధికారం ఇద్దరికే. అవసరమైనప్పుడు రూట్ పని చేయవచ్చు, చేసినవారి పేరు లాగ్‌లో పడుతుంది. పాస్‌వర్డ్ బదులు ఎస్‌ఎస్‌హెచ్ కీలు పెట్టాం. పబ్లిక్ కీ సర్వర్‌లో ఉంటుంది, ప్రైవేట్ కీ మన కంప్యూటర్ దాటదు. కొత్త యూజర్‌తో రెండో విండోలో లాగిన్ అయి చూసుకున్నాకే రూట్ లాగిన్‌ను ఆపాం. చూసుకోకుండా ఆపితే మన ఇంటికి మనమే బయట నిలబడాలి. ఫైర్‌వాల్‌లో 22, 80, 443 పోర్టులు తప్ప అన్నీ మూసేశాం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులకే అయిపోతుంది కనుక, దానంతటదే రెన్యువల్ అయ్యేలా పెట్టాం.

ఇంతవరకు కష్టం లేదు. కష్టం ఆడియోలు ఎక్కించే మన పెద్దాయన దగ్గర వచ్చింది. ఆయనకు ఆడియో ఫోల్డర్‌లో మాత్రమే అనుమతి ఇచ్చాం. ఆయన ముఖం చిన్నబోయింది.

"అయ్యగారూ, ఇన్నేళ్లు కానుకల పెట్టె తాళం నా దగ్గరే ఉంది. దీనికి మాత్రం నన్ను నమ్మరా?"

నాకూ మనసు కలుక్కుమంది. కాసేపాగి అడిగాను: "కానుకలు లెక్కపెట్టేటప్పుడు పక్కన ఇంకొకరు ఉండాలని పట్టుబట్టేది మీరే కదండీ, ఎందుకు?"

"ఒక్క రూపాయి తేడా వచ్చినా మాట నా మీదికి రాకూడదని."

అని, ఆయనే నవ్వేశారు. "అయితే ఆ ఫోల్డరే చాలు లెండి."

మొదటి దినవృత్తాంతములు 9వ అధ్యాయంలో 212 మంది ద్వారపాలకులు కనిపిస్తారు. ప్రతి ఉదయం తలుపులు తెరిచేది వారే. సేవకు వాడే పాత్రలను లెక్కపెట్టి లోపలికి తెచ్చేవారు, లెక్కపెట్టే బయటికి తీసుకెళ్లేవారు. నమ్మకం లేక కాదు, నమ్మకమైనవారు కాబట్టే ఆ పని వారికి అప్పగించారు. లెక్క ఉన్నచోట నిర్దోషి మీద నింద నిలవదు.

ఇంకొక్క మాట. పని ముగించుకుని, లేదా పెళ్లయి వేరే ఊరు వెళ్లినవారి యూజర్‌ను అదే రోజు మూసేయండి. వారి మీద ప్రేమ తగ్గినట్టు కాదు, వారు మోయనవసరం లేని బరువును దించినట్టు. మీలో ఇలాంటి బాధ్యత ఉన్నవారు ఈ వారం యూజర్ల జాబితా ఒకసారి తెరిచి చూడండి. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఈ తాళపుచెవి ఈయనకు ఇంకా అవసరమా అని అడగండి. మీ పేరు దగ్గర కూడా.