సర్దార్ మహల్ ఎవరి కోసం?

మనుషులకే కాదు, భవనాలకు కూడా జాతకాలుంటాయేమో! సర్దార్ మహల్ కథ గుర్తుకు వచ్చినప్పుడల్లా నాకు అలాగే అనిపిస్తుంది. చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఈ మేడను ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1900లో సర్దార్ బేగం కోసం ఐరోపా పద్ధతిలో కట్టించాడు. తాను కోరుకున్నట్టు లేదని ఆమె అందులో ఉండటానికి ఒప్పుకోలేదట. మనిషి రాలేదు గాని పేరు మాత్రం నిలిచిపోయింది. ఆస్తిపన్ను బకాయిల కింద 1965లో నగరపాలక సంస్థ దానిని స్వాధీనం చేసుకున్నది. పన్ను చెల్లించక చేజారిన మహలులోనే తరువాత పన్ను వసూళ్ళ బల్లలు వెలిశాయి. విధి పరిహాసమంటే ఇదే కాబోలు.

బేగం కాలు పెట్టని ఆ ఇంట్లోకి అప్పటినుంచి పాతబస్తీ అంతా నడిచి వచ్చింది. జనన ధృవీకరణ పత్రాలకు, మరణ పత్రాలకు, పన్ను రసీదులకు జనం అక్కడికే వచ్చేవారు. నేనూ ఒకసారి ఒక బంధువు మరణ పత్రం కోసం వెళ్ళి ఆ వరండాలో నిలబడ్డాను. నా ముందు ఒక యువకుడు బిడ్డ పుట్టిన తేదీ రాసుకున్న చీటీని గుప్పిట్లో పట్టుకొని ఉన్నాడు. నా వెనుక బురఖా వేసుకున్న ఒక వృద్ధురాలు గోడకు చేరగిలబడి జపమాల తిప్పుతోంది. ఆ స్తంభాలను గాని, కమానులను గాని తలెత్తి చూసినవారు మాలో ఎవరూ లేరు. మా చూపులన్నీ కిటికీ వెనుక ఉన్న గుమాస్తా కలం మీదే. అయినా ఆ భవనం బ్రతికి ఉన్న రోజులవి. రాళ్ళకు అందం ఉంటే చాలదు, వాటితో ఎవరికో ఒకరికి పని కూడా ఉండాలి.

2022 ఏప్రిల్‌లో ఈ మహలు పునరుద్ధరణకు శంకుస్థాపన జరిగింది. 30 కోట్ల రూపాయల పథకం అన్నారు. కార్యాలయాలను తరలించి, కళాప్రదర్శనశాల, ఫలహారశాల, యాత్రికులకు విడిది గదులు ఏర్పాటు చేయాలన్నది ఆలోచన. సంతోషించవలసిన విషయమే. చార్మినార్ పరిసరాలలో కూలిపోయిన దేవిడీల జాబితా ఎంత పెద్దదో తెలిసినవారికి, ఒక్క భవనమైనా నిలబడుతుందంటే పండుగే కదా!

అయితే నిలబెట్టడం వేరు, నిలుపుకోవడం వేరు. ఈ రెండింటికీ పాతబస్తీలోనే ఉదాహరణలున్నాయి. చౌమహల్లా ప్రాసాదాన్ని బాగుచేసి ప్రజలకు తెరిచారు. ఆ పనికి 2010లో యునెస్కో పురస్కారం లభించింది. టిక్కెట్టు కొనుక్కున్న ప్రతివాడూ లోపలికి వెళ్ళి, ఖిల్వత్ దర్బారులోని దీపగుచ్ఛాల కింద నిలబడి తలెత్తి చూడగలడు. అదే 2010లో ఫలక్‌నుమా విలాసవంతమైన హోటలుగా మారింది. దాని గోడలకు, కిటికీలకు, చెక్కపనికి వచ్చిన లోటేమీ లేదు. కాని కొండ కింద నివసించేవారికి అది దూరాన కనిపించే తెల్లని వెలుగు మాత్రమే. రెండూ చక్కగా బాగుపడిన భవనాలే. తేడా అంతా గుమ్మం దగ్గర ఉన్నది.

సర్దార్ మహల్ గుమ్మం ఈ రెండింటిలో దేనిని పోలి ఉంటుందన్నదే నా బెంగ. విడిది గదులు వద్దని నేననను. డంగు సున్నపు గోడను కాపాడటం ఒకనాటితో ముగిసే పని కాదు. పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక గోడను లోలోపలే తినేస్తుంది. సున్నం పనికి సున్నమే కావాలి, అది తెలిసిన మేస్త్రీలు కావాలి, వానకాలం తరువాత ఏటేటా పరీక్ష కావాలి. దానికయ్యే ఖర్చు మేడమీది గదుల అద్దె నుంచి రావచ్చు. కాని మధ్యనున్న ప్రాంగణం, కిందిభాగం బస్తీకి మిగలాలి.

లాడ్‌బజారు అక్కడికి నాలుగడుగులు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గాజులు చేసేవారు మాత్రం ఇరుకు గదులలో, బొగ్గుల కుంపటి ముందు కూర్చొని లక్కను కరిగించి, ఒక్కొక్క అద్దపు రవ్వను అతుకుతూ ఉంటారు. వారికి గాలి వెలుతురు ఉన్న నాలుగు గదులిస్తే, చూడవచ్చినవారికి గాజు సాలెలో పెట్టిన కళ కాక చేతుల్లో పుడుతున్న కళ కనిపిస్తుంది. సాయంత్రం పూట చుట్టుపక్కల పిల్లలు చదువుకోవడానికి ఒక గది. ఆడవాళ్ళు ఎవరినీ అడగనవసరం లేకుండా వచ్చి కూర్చోగల ఒక నీడ. వీలైతే, జనన మరణ పత్రాలిచ్చే కిటికీ కూడా ఒకటి అక్కడే ఉంచాలంటాను. నవ్వకండి! ఆ మహలుకున్న అసలు చరిత్రలో సగం ఆ కిటికీదే. రాజు పేరు గోడమీది ఫలకంలో ఉంటుంది. మరి ఆ వరుసలో నిలబడినవారి పేర్లు ఎక్కడుంటాయి?

నూటపాతికేళ్ళ కిందట ఈ మేడను ఎంతో ఖర్చుతో, ఎంతో ప్రేమతో కట్టారు. అన్నీ ఉన్నాయి. ఉండబోయే మనిషి మనసులో ఏమున్నదో తెలుసుకోవడం ఒక్కటే మిగిలిపోయినట్టున్నది. ఇప్పుడు నక్షాలు గీసేవారు ఒక్క పూట మొఘల్‌పురా, కోట్ల అలీజా గల్లీలలో తిరిగి, ఛాయ్ తాగుతూ అక్కడివారిని అడిగితే చాలు: "ఈ ఇంట్లో మీకేం కావాలి?" అని. దానికి కోట్లు అక్కరలేదు, కాస్త ఓపిక ఉంటే సరిపోతుంది.